తన కథలో తానే నటించిన అర్మేనియా అమ్మాయి: అరోరా మార్డిగానియన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

పాతరీలు:
మూకీ సినిమాల పిచ్చి ఉన్నవాణ్ణి. నిన్న రాత్రి సుమారు ఇరవై నిమిషాల ముక్క ఒకటి చూసి పడుకుంటే నిద్ర పట్టలేదు. 1919 నాటి అమెరికా సినిమా అది. "రావిష్డ్ అర్మేనియా" అని తీశారు, "ఆక్షన్ ఆఫ్ సోల్స్" అనే పేరుతోనూ ఆడింది. సెలిగ్ నిర్మాత, ఆస్కర్ ఏప్ఫెల్ దర్శకుడు. పూర్తి సినిమా ఎక్కడా లేదు, దొరికింది ఆ కాస్తే. సినిమా గొప్పగా ఉందని కాదు నేను రాస్తున్నది. అందులో హీరోయిన్‌కి షూటింగ్ నాటికి పదిహేడేళ్ళు. తెర మీద ఆమె పడే కష్టాలు రెండు మూడేళ్ళ ముందు నిజంగా ఆమె పడ్డవే. మన దగ్గర ఎవరైనా ఈమె గురించి చదివారా? విన్నారా?

గ్లెండేల్_గోదారి:
మేముండేది లాస్ ఏంజెలిస్ పక్కన గ్లెండేల్‌లో. ఇక్కడ అర్మేనియన్లు చాలా ఎక్కువ, మా వీధిలో బేకరీ, బంగారు కొట్టు, చెప్పులు కుట్టే షాపు అన్నీ వాళ్ళవే. ఏటా ఏప్రిల్ 24న చాలా షాపులు మూసేస్తారు. మొదటి ఏడాది అది తెలియక బ్రెడ్డు కోసం వెళ్ళి తలుపు కొట్టాను, సిగ్గేసింది. 1915లో అదే రోజున కాన్‌స్టాంటినోపుల్‌లో (ఇప్పటి ఇస్తాంబుల్) అర్మేనియన్ రచయితల్ని, పెద్దల్ని పట్టుకుపోవడం మొదలైంది. ఒట్టోమన్ టర్కీ ప్రభుత్వం అర్మేనియన్ల మీద సాగించిన మారణహోమానికి గుర్తు ఆ రోజు.

ఈమె అసలు పేరు అర్షలూయిస్. తెల్లవారుజాము అని అర్థం, మన ఉష అన్నమాట. అమెరికా వచ్చాక అదే అర్థం వచ్చేలా అరోరా అని మార్చారు, ఇంటిపేరు కూడా కాస్త సాగదీశారు. 1901లో ఒట్టోమన్ సామ్రాజ్యంలోని చెమిష్‌గెజెక్ అనే ఊళ్ళో పుట్టింది. ఉన్న కుటుంబమే, తండ్రిది పట్టు వ్యాపారం. 1915లో ఊరు ఊరంతా ఎడారి దారి పట్టించారు. ఇంట్లోవాళ్ళు కళ్ళముందే పోయారు. ఈమెను ఎత్తుకుపోయి అమ్మారు. తప్పించుకుని ఎర్జురూమ్, టిఫ్లిస్, పెట్రోగ్రాడ్, ఓస్లో మీదుగా 1917 నవంబర్‌లో న్యూయార్క్ చేరింది. అమెరికాలో ఉన్న అన్న కోసం పేపర్లో ప్రకటన వేయించారు. అది చూసి విలేకరులు వచ్చారు, వాళ్ళ వెనకాలే గేట్స్ అనే రచయిత, ఆయన భార్య వచ్చారు.

పాతరీలు:
గోదారి గారూ, థాంక్స్. అక్కడినుంచే నాకు మింగుడుపడని భాగం మొదలవుతుంది. ఆమె చెప్పగా గేట్స్ రాసిన పుస్తకం 1918లో వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. తర్వాత సినిమా ఒప్పందం. ఇంగ్లీషు సరిగా రాదు. "నీ పిక్చర్ తీస్తారు" అంటే ఫోటో తీస్తారేమో అనుకుని సంతకం పెట్టేసింది! జీతం వారానికి 15 డాలర్లు, చాలా పెద్ద మొత్తమని నమ్మించారు. అదే సినిమా న్యూయార్క్‌లో పెద్దింటివాళ్ళకి మొదట వేసినప్పుడు ఒక్క టికెట్టు 10 డాలర్లు.

ముసలితనంలో ఆమెను కలిసి మాట్లాడిన ఆంథొనీ స్లైడ్ అనే సినిమా చరిత్రకారుడు ఒక సంగతి రాశాడు. షూటింగ్ మొదటిరోజు మేకప్ గదిలోంచి బయటికొస్తే ఎదురుగా అప్పటి టర్కీవాళ్ళలా ఎర్ర ఫెజ్ టోపీలు పెట్టుకున్న మగాళ్ళ గుంపు. జూనియర్ ఆర్టిస్టులే. ఈ పిల్లకి గుండె ఆగినంత పనైంది. నన్ను మోసం చేసి మళ్ళీ వాళ్ళ చేతికే అప్పగిస్తున్నారు అనుకుంది. గేట్స్ భార్య పట్టుకుని, ఇది ఉత్తుత్తిదేనమ్మా అని నచ్చజెప్పాల్సి వచ్చింది.

దివిసీమ_పిల్లోడు:
అన్నా, ఆ టోపీల సంగతి చదివి మా పిన్ని గుర్తొచ్చింది. సంబంధం లేదనుకుంటే వదిలేయండి. 1977 నవంబర్ ఉప్పెనలో పిన్ని ఇద్దరు తమ్ముళ్ళని పోగొట్టుకుంది. తాడిచెట్టు పట్టుకుని తను బతికింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక నాటక సమాజం వాళ్ళు ఉప్పెన మీద నాటిక వేస్తూ, నువ్వే వచ్చి నీ వేషం వెయ్యి, జనం కదిలిపోతారు, చీర పెడతాం అన్నారు. సరేనని వెళ్ళింది. రిహార్సల్లో డైలాగులు బాగానే చెప్పిందట. గాలి చప్పుడు కోసం తెర వెనక ఒకతను పెద్ద రేకు పట్టుకుని ఊపాడు. అంతే, స్టేజీ దిగి చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికొచ్చేసింది. ఇప్పటికీ పక్కింటి పాకమీద రేకు గాలికి కొట్టుకుంటే లేచి వెళ్ళి దానిమీద ఇటుక పెట్టి వస్తుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నాటిక బాగా రావాలనే తపన. కానీ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

అడ్డప్రశ్న:
సంబంధం లేకపోవడమేంటి బ్రో, ఇదే అసలు పాయింట్.

నేను మాత్రం ఇంకోవైపు వాదిస్తా. ఆ సినిమా తీసింది వినోదం కోసం కాదు, నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సంస్థకి చందాల కోసం. 1915 నుంచి 1930 వరకు ఆ సంస్థ మొత్తం 116 మిలియన్ డాలర్లు పోగేసింది, లక్షా ముప్ఫై రెండు వేల మంది అనాథల్ని చూసుకుంది. అందులో ఈ సినిమా వాటా ఎంతైనా కానీ, ఒక పిల్ల ముఖం చూసి జనం జేబులో చెయ్యి పెట్టారు. వద్దని ఎలా అంటాం? అలాగని నిర్మాతల్ని దేవుళ్ళని చెయ్యక్కర్లేదు. అప్పటి పత్రికా ప్రకటనలు చూడండి, జాలి కన్నా చొంగే ఎక్కువ.

పాతరీలు:
చొంగ అన్నమాట కరెక్టు. సినిమాలో అమ్మాయిల్ని వరసగా శిలువ వేసిన సీను ఉంది, దాని ఫోటోలే ఎక్కువగా తిరుగుతాయి. అలా జరగలేదని ఆమే స్లైడ్‌కి చెప్పింది. అక్కడ జరిగింది మొన చెక్కిన కర్రలతో, ఇంకా ఘోరంగా. అమెరికన్లు అది తెర మీద చూపించలేక శిలువలు పెట్టారు. అంటే సాక్షి పక్కనే నిలబడి ఉండగా, ఆవిడ చూసినదాన్ని మార్చి, మళ్ళీ ఆవిడ పేరు మీదే అమ్మారు.

ఇంకోటి. ఒక సీనులో మేడ మీంచి మేడ మీదికి దూకుతూ పడి చీలమండ విరగ్గొట్టుకుంది. షూటింగ్ ఆపలేదు, మోసుకెళ్ళి మరీ తీశారు. ఆ కట్టు తెర మీద కనబడితే, టర్కీ సైనికులు కొట్టిన దెబ్బ కాబోలని జనం అనుకున్నారట.

గ్లెండేల్_గోదారి:
లొకేషన్ల సంగతి చెప్పడం మరిచాను. అరారాత్ కొండగా చూపించింది ఇక్కడి మౌంట్ బాల్డీని! చలికాలం మంచు చూపిద్దామని పిల్లల్ని తీసుకెళ్తాం అక్కడికి. ఎడారి సీన్లు శాంటా మోనికా బీచ్ ఇసుకలో తీశారు. ఇది తెలిశాక పోయిన ఆదివారం అక్కడ కూర్చుని జంతికలు తింటుంటే ఒకలా అనిపించింది.

యెరెవాన్_మెడికో:
హాయ్ అందరికీ. నేను ఇక్కడ అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఎంబీబీఎస్ చేస్తున్నా, మనవాళ్ళు చాలామందే ఉన్నాం. ఏప్రిల్ 24న క్లాసులుండవు. మొదటి ఏడాది సెలవు దొరికిందని పడుకున్నా. రెండో ఏడాది మా ఇంటి ఓనర్ బామ్మ లేపి తీసుకెళ్ళింది. ఇక్కడ బామ్మని తాతిక్ అంటారు, నాకేమో పిలిచిన ప్రతిసారీ తాతయ్య గుర్తొస్తాడు. ట్సిట్సెర్నకబెర్డ్ అని కొండమీద స్మారకం ఉంది. పన్నెండు పెద్ద రాతి పలకలు లోపలికి వంగి ఉంటాయి, మధ్యలో ఆరని మంట. జనం మాట్లాడరు, తోసుకోరు, మెల్లగా కదులుతారు. మంట చుట్టూ పెట్టిన పువ్వులు సాయంత్రానికి మనిషి భుజం దాకా లేచాయి. తాతిక్ రెండు ట్యూలిప్పులు నా చేతిలో పెట్టింది, సరిసంఖ్యే ఉండాలంది, పోయినవాళ్ళకి అలాగే పెడతారట.

అరోరా మీద 2022లో వచ్చిన యానిమేషన్ సినిమా "అరోరాస్ సన్‌రైజ్" ఇక్కడే చూశాను. ముసలయ్యాక ఆమె ఇచ్చిన ఇంటర్వ్యూలు, ఆ పాత మూకీ ముక్కలు, బొమ్మలు కలిపి తీశారు, ఇన్నా సహక్యాన్ దర్శకురాలు. అందులో ఆమె గొంతు వినండి, మూకీ సినిమాలో వినబడనిది అదే కదా. అక్కడక్కడా నవ్వుతుంది కూడా.

ఉప్పుగూడ_66:
మా హైదరాబాద్‌లో ఉప్పుగూడ దగ్గర అర్మేనియన్ల సమాధులున్నాయి, 17వ శతాబ్దం నాటివి. వ్యాపారం కోసం వచ్చినవాళ్ళు, మచిలీపట్నంలో కూడా బట్టల బేరం చేశారు. అరోరాతో చుట్టరికం ఏమీ లేదు, ఆ రాళ్ళ మీది అక్షరాలు చూడాలంటే ఖండాలు దాటక్కర్లేదని చెప్తున్నానంతే.

అడ్డప్రశ్న:
ప్రచారానికి ఊరూరా తిప్పారు కదా, ఆ భాగం ఎవరూ రాయలేదేం?

పాతరీలు:
రాద్దామనే ఆగాను. సినిమా ఆడే చోటల్లా ఆమెను స్టేజీ ఎక్కించేవాళ్ళు. తన కథ తెర మీద చూడాలి, లైట్లు వెలిగాక జనానికి కనబడాలి. ఎన్నిసార్లని? 1920కల్లా మనిషి కూలిపోయింది. అప్పుడు ప్రచారకులు ఏం చేశారో తెలుసా? ఆమెలా కనబడే ఏడుగురు అమ్మాయిల్ని పెట్టి ఊళ్ళకి పంపారు. నాటకాల కంపెనీల్లో హీరో రాకపోతే డూపుని దించడం విన్నాం కానీ, బాధితురాలికి డూపు నేనెక్కడా వినలేదు.

ఆ తర్వాత ఇంకో సినిమా లేదు. 1929లో ఒక అర్మేనియన్‌ని పెళ్ళి చేసుకుని, ఒక కొడుకుని పెంచుకుంటూ న్యూయార్క్‌లో ఉండిపోయింది.

గ్లెండేల్_గోదారి:
చివరి రోజులు ఇక్కడే, లాస్ ఏంజెలిస్‌లో. 1994 ఫిబ్రవరి 6న పోయింది. అస్థికల కోసం ఎవరూ రాకపోతే కౌంటీవాళ్ళు దిక్కులేనివాళ్ళతో కలిపి ఒకే గోతిలో పెట్టారు. మీరు చూసిన ఆ ముక్క బయటపడింది కూడా 1994లోనే, కొజన్లియాన్ అనే బ్యూనస్ ఎయిరెస్ అర్మేనియన్ వెతికి పట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె పేరుమీద మిలియన్ డాలర్ల అరోరా ప్రైజ్ ఇస్తున్నారు.

దివిసీమ_పిల్లోడు:
ఇదంతా పిన్నికి ఫోన్లో చదివి వినిపించాను. టోపీల దగ్గర ఊ అంది. ఏడుగురు డూపుల దగ్గర నవ్వింది. వారానికి పదిహేను డాలర్లంటే అప్పట్లో ఎంతవుతుందని రెండుసార్లు అడిగింది. తర్వాత, "నాకు వీళ్ళు చీర పెడతామనైనా అన్నారు. అది కూడా పెట్టలేదనుకో" అని పెట్టేసింది.