1692 నాటి లివోనియా, తోడేలు మనిషి, మంత్రగత్తె: నా ప్రేమకథ 11వ భాగంలో ఇరుక్కుపోయింది

రాత్రి_రాతలు:
నమస్తే అండీ. పగలు బ్యాంకు కౌంటర్‌లో ఉంటాను, రాత్రి పిల్లలు పడుకున్నాక సీరియల్ రాస్తాను. ఇన్నాళ్ళూ అత్తాకోడళ్ళ కథలే. ఈసారి తెగించి 1692 నాటి లివోనియా పెట్టుకున్నా. ఇప్పటి లాత్వియా, ఎస్టోనియా వైపు, అప్పట్లో స్వీడన్ ఏలుబడి. అతను పౌర్ణమికి తోడేలవుతాడు. ఆమె ఊరి చివర ఉండే మంత్రగత్తె. 5వ భాగంలో ఆమె అతనికి ఉడికించిన బంగాళాదుంపలు పెడుతుంది, అక్కడే మనసులు కలుస్తాయి. ఒక ఫాదర్ ఇద్దరినీ కాల్చేయాలని చూస్తుంటాడు.

ఒక పాఠకురాలు "మేడమ్, అచ్చం మా కోనసీమలో జరిగినట్టే ఉంది" అని రాసింది. పొగడ్తో, చురకో తెలీలేదు.

అసలు ఇబ్బంది వేరే. ఇద్దరికీ ఊరంటే భయమే, ఇద్దరూ వెలివేతలో ఉన్నవాళ్ళే. మరి వాళ్ళ మధ్య అడ్డేముంది? చేతులు పట్టుకుని అడవిలోకి పోతే కథ అయిపోయినట్టే కదా. మూడు రోజులుగా ఇదే టెన్షన్.

చాయ్_బిస్కట్:
అతనికి ఉద్యోగం లేదని వాళ్ళ నాన్న ఒప్పుకోలేదని రాయండి. ఏ దేశంలోనైనా నడుస్తుంది.

రీగాలో_మనోడు:
నేను రీగాలో మెడిసిన్ చదువుతున్నానండీ. ఆ అడ్డు ఇక్కడి పాత కోర్టు రికార్డులోనే ఉంది.

1691లో యూర్గెన్స్‌బుర్గ్‌లో (ఇప్పటి జౌబె) చర్చి దొంగతనం కేసులో సాక్ష్యానికని తీస్ అనే 80 దాటిన ముసలి రైతు వచ్చాడు. మధ్యలో అతని తోడేలు సంగతి బయటపడింది. దాచుకోలేదు సరికదా, అవును నేను తోడేలునే, మేం దేవుడి కుక్కలం అన్నాడు! మంత్రగాళ్ళు ఊరి పంటను, విత్తనాలను నరకానికి మోసుకుపోయి సైతానుకు ఇస్తారట. తోడేళ్ళు ఏడాదికి మూడు రాత్రులు అక్కడికి వెళ్ళి పోరాడి ఆ గింజలు వెనక్కి తెస్తారట. తెస్తే ఆ ఏడు పంట బాగుంటుంది, లేకపోతే కరువే.

అంటే మీ ఇద్దరూ ఒకే పక్క వాళ్ళు కాదు. ఆమె గింజ ఎత్తుకుపోయే పక్షం, అతను కాపాడే పక్షం. ఊళ్ళో పిల్లలు తినే రొట్టె వాళ్ళిద్దరి మధ్యే ఉంది. పైగా ఆ తర్వాత నాలుగైదేళ్ళకే, 1695-97లో, ఈ ప్రాంతమంతా ఘోరమైన కరువు వచ్చింది. మీ పాత్రలకు ఆ సంగతి తెలీదు, మీకు తెలుసు. వాడుకోండి.

ఇక పౌర్ణమి తీసేయండి. ఆ ముచ్చట 1940ల హాలీవుడ్ సినిమాలతో పాతుకుపోయింది. తీస్ చెప్పినవి పండగ రాత్రులు: క్రిస్మస్ ముందు లూసియా రాత్రి, పెంతెకొస్తు, జూన్‌లో సెయింట్ జాన్ రాత్రి. జూన్‌లో ఇక్కడ చీకటి సరిగ్గా పడనే పడదు, పది దాటినా వెలుగు ఉంటుంది. అలాంటి రాత్రి తోడేలు తోలు కప్పుకుని ఎవరి కంటా పడకుండా వెళ్ళడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఫాదర్ కూడా కుదరడు. వీళ్ళు లూథరన్లు, అంటే ప్రొటెస్టెంట్ క్రైస్తవులు. పాస్టర్‌కి పెళ్ళాం, పిల్లలు ఉంటారు. బంగాళాదుంప అప్పటికి ఇక్కడి రైతు ఇంటికి రాలేదు. రై రొట్టె, బార్లీ జావ పెట్టండి. గింజ గొడవ కదా, ఆమె పెట్టిన రొట్టె ఎక్కడి పిండితో చేసిందని అతనికి అనుమానం రావాలి!

రాత్రి_రాతలు:
అయ్య బాబోయ్, నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పిండి అనుమానం నేను తీసేసుకుంటున్నా, సరేనా? తీస్‌ని కాల్చేశారా చివరికి?

రీగాలో_మనోడు:
తీసుకోండి అక్కా. కాల్చలేదు. 1692లో కొరడా దెబ్బలు, బహిష్కారం. అదీ కేవలం తోడేలైనందుకు కాదు. అతను పశువులకు, మనుషులకు మంత్రం వేసి వైద్యం చేసేవాడు, ఆ మంత్రాల్లో దేవుడి పేరు ఉండదు. మంత్రగాళ్ళతో పోరాడానన్నవాడు మంత్రాల వల్లే దెబ్బలు తిన్నాడు. కోర్టులో జర్మన్ దొరలు, బోనులో లాత్వియన్ రైతు. వాళ్ళ కళ్ళకు మీ హీరో, హీరోయిన్ ఇద్దరూ ఒకటే.

ఇంకోటి, ఆ కేసుకు పదేళ్ళ ముందు స్కైస్తాన్ అనే మంత్రగాడు చీపురు కర్రతో కొట్టి తన ముక్కు పగలగొట్టాడని తీస్ చెప్పాడు. అతనూ పక్క ఊరి రైతే.

పాత_పుస్తకాల_కొట్టు:
ఒక చిన్న మాట. 'మంత్రగత్తె' అని తెలుగులో రాస్తే మనవాళ్ళకి బాణామతి, చేతబడి గుర్తొస్తాయి. మా మెదక్ వైపు ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు పేపర్లో ఎన్ని చదివానో. అందుకని ఆమె నిజంగా గింజ ఎత్తుకుపోయిందా, లేక ఊరే అలా అనుకుందా అన్నది మీరు ముందే తేల్చుకోండి. నేనైతే అతనికి కూడా చివరిదాకా తెలియనివ్వను. లాత్వియన్‌లో ఆమెను 'రగన' అంటారు, ఆ మాటే వాడినా బాగుంటుంది.

రాత్రి_రాతలు:
రగన! పేరే సగం కథ చెప్పేస్తోంది. బంగాళాదుంపలు తీసేశా, ఫాదర్‌కి పెళ్ళి చేసేశా. 12వ భాగం చీపురు కర్ర దెబ్బతో మొదలు, కానీ కొట్టేది ఆమె. లూసియా రాత్రి, గింజల మూట దగ్గర. తెల్లారాక ఆ పగిలిన ముక్కుకి కట్టు కట్టడానికి అతను వెళ్ళేది ఆమె దగ్గరికే, ఊళ్ళో ఇంకో వైద్యురాలు లేదు మరి. ముక్కు వంకర ఉన్న హీరోని మనవాళ్ళు ఒప్పుకుంటారంటారా?

చాయ్_బిస్కట్:
ఒప్పుకుంటారు. కవర్ బొమ్మ వేసేవాళ్ళతోనే మీకు గొడవ.