ధావన్ గారి బాధ్యత, ఆపిన కౌంట్‌డౌన్: బృంద నాయకులు వీటి నుంచి ఏమి నేర్చుకోవాలి?

ప్రశ్న

నేను యంత్ర పరికరాలు తయారు చేసే ఒక సంస్థలో చిన్న ఇంజనీర్ల బృందాన్ని నడిపిస్తున్నాను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు బంగాళాఖాతంలో కూలినప్పుడు ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ గారు విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నారనీ, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం ప్రాజెక్టు బాధ్యుడైన అబ్దుల్ కలాం గారినే మాట్లాడమన్నారనీ మనందరికీ తెలుసు. శిక్షణ తరగతుల్లో దీన్ని ఔదార్యానికి ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. పైవారు నింద మోస్తే కింద జరిగిన సాంకేతిక లోపం మరుగున పడిపోదా అన్నది నా సందేహం.

మొదటి సమాధానం

అక్కడ జరిగింది అందుకు విరుద్ధమండి. ధావన్ గారు బయటివారి ముందు బృందానికి అడ్డుగా నిలిచారే తప్ప లోపలి విచారణను సడలించలేదు. రెండవ దశను అదుపులో ఉంచే వ్యవస్థలో ఒక వాల్వు ధూళి చేరడంతో మూసుకోలేదనీ, అందువల్ల ఇంధనాన్ని మండించాల్సిన నైట్రిక్ యాసిడ్ కారిపోయిందనీ, దాంతో రాకెట్టు అదుపు తప్పిందనీ సమీక్షలో తేలింది. ఇంత సూక్ష్మమైన కారణం దొరకాలంటే ప్రయోగానికి ముందు ఆ వాల్వు దగ్గర పనిచేసిన ప్రతి ఒక్కరూ తాము చూసింది చూసినట్టు చెప్పాలి. రేపటి పత్రికలో తన పేరు వస్తుందేమోనని భయపడే మనిషి అలా చెప్పడు. కాబట్టి ఆయన చేసిన పనిని నేను ఔదార్యం కంటే ఎక్కువగా ఇంజనీరింగ్ అవసరంగానే చూస్తాను.

రెండవ సమాధానం

పై మాటతో ఏకీభవిస్తూనే, ఆ ఉదంతంలో ఎవరూ చర్చించని భాగాన్ని గుర్తు చేస్తాను. నాణ్యతా తనిఖీలో ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. ఆ రోజు చివరి క్షణాల్లో కంప్యూటరు ప్రయోగాన్ని ఆపిందనీ, ఆ యాసిడ్ కారిపోయినా సరిపడా నిల్వ ఉందని నిపుణులు చెప్పడంతో తానే ముందుకు సాగించాననీ కలాం గారు తర్వాత అనేక సభల్లో దాపరికం లేకుండా చెప్పారు.

దీని పక్కన 2013 ఆగస్టు 19ని పెట్టి చూడండి. 2010లో జీఎస్ఎల్వీ రాకెట్టు ప్రయోగాలు రెండు విఫలమయ్యాయి, స్వదేశీ క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) ఇంజన్ మీద దేశమంతా కన్నేసి ఉంది. అయినా రెండవ దశలో ఇంధనం కారుతోందని గమనించగానే ప్రయోగానికి గంటా పద్నాలుగు నిమిషాల ముందు కౌంట్‌డౌన్ ఆపి, రాకెట్టును వెనక్కి తీసుకెళ్లి, ఆ దశనే మార్చారు. 2014 జనవరి 5న అదే రాకెట్టు జీశాట్-14 ఉపగ్రహాన్ని విజయవంతంగా కక్ష్యలో పెట్టింది. 2019 జూలైలో చంద్రయాన్-2ను చూడటానికి రాష్ట్రపతి స్వయంగా శ్రీహరికోటకు వచ్చి ఉండగా 56 నిమిషాల ముందు ఆపేశారు, వారం తర్వాత ఎగిరింది. అంతటి అతిథి ఎదుట ఆపగలగడం విలేకరుల ముందు నిలబడటం కంటే తక్కువ నాయకత్వమేమీ కాదు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలు. అయితే మా వంటి చోట ఆపే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? సరుకు పంపవలసిన గడువుకు జవాబుదారీ నేనే కనుక, ఆ నిర్ణయం నా దగ్గర ఉంటే తీర్పు ఒకవైపు మొగ్గుతుందని భయంగా ఉంది.

మూడవ సమాధానం

మీ భయం సరైనదే. ప్రయోగ కేంద్రాల్లో దారితప్పిన రాకెట్టును పేల్చివేసే అధికారం రేంజ్ భద్రతాధికారిది (ప్రయోగ ప్రాంత భద్రత చూసే అధికారి), అందుకు ఆయన ఆ ప్రాజెక్టు నడిపేవారి అనుమతి కోసం ఎదురుచూడరు. మీ దగ్గర కూడా తనిఖీ చేసేవారి పదోన్నతి, వార్షిక మదింపు మీ చేతిలో లేకుండా చూడమని యాజమాన్యాన్ని అడగండి. వారు ఆపిన సరుకును విడుదల చేయాలంటే మీరు కారణాన్ని లిఖితపూర్వకంగా ఇచ్చి, మీ పై అధికారి సంతకం తీసుకునే నియమం పెట్టండి. గడువు తప్పినప్పుడు కొనుగోలుదారుకు ఫోన్ చేసి చెప్పవలసింది మాత్రం మీరే, ఆ తనిఖీదారు కాదు.