కోవిడ్ రోజుల్లో స్లాబు కారుతోంది, ఇంట్లో పెద్దాయన ఉన్నారు: మేస్త్రీని ఇప్పుడే పిలవాలా, ఆగాలా?

పిట్టగోడ:
అందరికీ నమస్కారం. నాన్నగారికి 74 ఏళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ఉంది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అన్న దగ్గర్నుంచీ ఆయన గడప దాటలేదు. మేమూ ఇంట్లోకి ఎవర్నీ రానివ్వలేదు. ఇప్పుడు ఆయన గది కప్పుకే చెమ్మ పట్టింది. రోజూ పొద్దున్నే ఆ మరక అంచు వెంట పెన్సిల్‌తో గీత గీస్తున్నాను. నాలుగు రోజులకు నాలుగు గీతలు, ఒకదాని బయట ఒకటి. నిన్న రాత్రి పెచ్చు ఊడి దిండు పక్కనే పడింది. మేస్త్రీని పిలుద్దామని నేను, కేసులు తగ్గేదాకా పట్టా కప్పి ఊరుకుందామని అన్నయ్య. ఇద్దరికీ మాటలు కూడా తగ్గిపోయాయి. మీరేమంటారు?

నల్లమబ్బు:
మీ అన్నయ్య మాటే నా మాటండీ. స్లాబు రేపైనా బాగుచేయించుకోవచ్చు, మనిషిని తెచ్చుకోలేం. నలుగురు పనివాళ్లు వచ్చారంటే నాలుగిళ్ల గాలి మీ ఇంటికి వచ్చినట్టే. పట్టా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి, రెండు నెలలు ఓపిక పట్టండి. నాన్నగారిని వేరే గదిలోకి మార్చండి, చాలు.

తాపీమేస్త్రి:
22 ఏళ్లుగా ఇదే పని నాది. ఒక్క మాట చెప్తా, మరక ఉన్నచోటే చిల్లు ఉండదు. నీళ్లు పిట్టగోడ మొదట్లో దిగి, స్లాబులో పాకి, ఎక్కడో పది అడుగుల అవతల బొట్టు కడతాయి. మరక పైన పట్టా కప్పితే చాలాసార్లు పట్టా దారి పట్టాదే, కారేది కారుతూనే ఉంటుంది. పెచ్చు ఊడిందంటే నీళ్లు చువ్వను తాకాయేమో చూసుకోవాలి. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది, కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుంది. ఇప్పుడు బీటకు పూత వేస్తే పోయే పని, ఆలస్యమైతే చువ్వ దాకా చెక్కి కట్టాల్సిన పని అవుతుంది.

మేస్త్రీ కంటే ముందు మీరు చేయాల్సింది ఒకటుంది. మరక ఫ్యాన్ కొక్కెం దగ్గరికి గానీ, స్విచ్‌బోర్డు గోడకు గానీ వచ్చిందా? వస్తే ఆ గదికి కరెంటు మెయిన్ దగ్గరే తీసేయండి. ఈ ఒక్కటీ రేపటికి వాయిదా వేయొద్దు.

నల్లమబ్బు గారూ, మీరు పనివాళ్ల గాలి అన్నారు. మేమూ మీ ఇళ్లకు భయపడుతూనే వస్తున్నామండీ. ఇంట్లో ఎవరికైనా దగ్గుందని మాకు ముందుగా చెప్పినవాళ్లు తక్కువ.

రాత్రిడ్యూటీ:
నేను కోవిడ్ వార్డులో నర్సును. స్లాబు మీద, ఆరుబయట, మనిషికీ మనిషికీ 2 మీటర్ల ఎడం ఉంటే నాకంత భయం లేదు. భయమంతా మిగతా చోట్లే. మరక చూపిస్తూ మూసిన గదిలో పావుగంట మాట్లాడటం, పనివాళ్లంతా ఒకే బండిలో ఇరుక్కుని రావడం, గుండ్రంగా కూర్చుని మాస్కులు తీసి తినడం. అందుకని మరకను వీడియోలో చూపించండి. బయటి నుంచి నిచ్చెన వేయించండి, ఇంట్లో మెట్లు వాడొద్దు. గదిలోకి రాక తప్పదంటే కిటికీలన్నీ తీసి ఉంచండి, వాళ్లు వెళ్లాక కొన్ని గంటలు ఎవరూ అందులోకి వెళ్లకండి. వాల్వ్ ఉన్న మాస్కు వద్దు. అది పెట్టుకున్నవాళ్లను కాపాడుతుంది గానీ వాళ్ల ఊపిరిని ఎదుటివాళ్ల మీదికే వదులుతుంది. ప్లాస్టిక్ మీదా స్టీలు మీదా వైరస్ 3 రోజుల దాకా ఉండగలదని ప్రయోగశాలలో చూసినమాట నిజమే. దానికి చేతులు కడుక్కుంటే సరిపోతుంది. ఇటుకలు కడుగుతూ అసలు జాగ్రత్త మర్చిపోవద్దు.

ఇంకోటి. తడిసిన గోడకు ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. ఊపిరితిత్తుల జబ్బున్న మనిషికి అది మంచిది కాదు. ఆగితే ఏమీ కాదు అనుకోవడానికి లేదు.

ఎండపొడ:
ఎవర్నీ పిలవకుండా నేనే ఎక్కాను. నిచ్చెన మరీ నిటారుగా వేశాను. నాలుగు అడుగుల ఎత్తుకు అడుగు చొప్పున మొదలు గోడకు దూరంగా ఉండాలని తర్వాత తెలిసింది. కాలు విరిగింది. ఏ జనానికి దూరంగా ఉందామనుకున్నానో ఆ జనం మధ్యే, ఎమర్జెన్సీ బల్ల మీద 5 గంటలు కూర్చున్నాను. లోపలికి మా ఆవిడను రానివ్వలేదు. మీరు మాత్రం ఎక్కకండి, మీ అన్నయ్యను కూడా ఎక్కనివ్వకండి. పట్టా కప్పడానికైనా సరే.

నల్లమబ్బు:
నర్సమ్మగారు చెప్పాక ఆరుబయట సంగతి ఒప్పుకుంటున్నాను. ఇంత దూరం నేను ఆలోచించలేదు. కానీ నా భయం అలాగే ఉంది. జ్వరమున్న మనిషి జ్వరముందని చెప్తాడా?

తాపీమేస్త్రి:
చెప్పడండీ. రానిరోజు కూలి లేదు, ఇంట్లో పిల్లలున్నారు. మాత్ర వేసుకుని వచ్చేస్తాడు. దీనికి మందు మీ చేతిలోనే ఉంది. పని ఒప్పుకునే ముందే అందరి ఎదుటా ఒక మాట అనండి: “ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే ఇంటి దగ్గరే ఉండండి, ఆ రోజు కూలి నేనిస్తాను.” ఈ మాట విన్నరోజు మా వాళ్లలో ఒకడు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. రెండ్రోజులకు పాజిటివ్ వచ్చింది. ఆ యజమానికి పోయింది ఒక మనిషి కూలి.

రాత్రిడ్యూటీ:
మేస్త్రీగారి మాటే అందరూ చేయాల్సింది. అయితే లక్షణాలు రాకముందు కూడా ఇది అంటుతుంది. ఒంట్లో చేరాక బయటపడటానికి 14 రోజుల దాకా పట్టొచ్చు. కాబట్టి నుదుటి దగ్గర జ్వరం మీటరు పెట్టి చూసి ధీమాగా ఉండొద్దు. ఇటువాళ్లూ అటువాళ్లూ ఎడం పాటించాల్సిందే. ఎండలో చెమటకు మాస్కు తడిసి ముద్దవుతుంది, పైన విడివిడిగా పనిచేస్తున్నప్పుడు తీయనివ్వండి. దగ్గరికి వచ్చినప్పుడు వేసుకోవడానికి పొడి మాస్కులు మీరే ఇవ్వండి.

పిట్టగోడ:
పని అయిపోయిందండీ, అందుకే రాస్తున్నాను. వీడియోలోనే మేస్త్రీ తూము చూపించమన్నాడు. ఆకులతో పూడుకుపోయి, పిట్టగోడ వెంట నీళ్లు నిలిచి ఉన్నాయి. బీట అక్కడే. ఇద్దరే వచ్చారు, వేర్వేరు బళ్ల మీద, మూడు రోజులూ వాళ్లే. కూలి మాట మొదటిరోజే చెప్పాను. పెద్దాయన, అంటే మేస్త్రీ, కాసేపు నా వంక చూసి, “మీ ఇంట్లో అందరూ బాగున్నారా బాబూ?” అని అడిగాడు. ముందు నేను చెప్పాల్సింది, ఆయన అడగాల్సి వచ్చింది. నాన్నగారి జబ్బు సంగతి చెప్పాను. మేస్త్రీ ఆ మూడు రోజులూ నాన్నగారి గది కిటికీ వైపు కూడా రాలేదు.

పూత ఆరాక స్లాబు మీద నీళ్లు కట్టి ఒక పగలూ రాత్రీ ఉంచాం. పొద్దున వెళ్లి చూస్తే మరక చివరి గీత లోపలే ఉంది. కప్పు పూర్తిగా ఆరేదాకా రంగు వేయొద్దన్నారు, నాన్నగారు ఇంకా పక్క గదిలోనే ఉన్నారు. అన్నయ్య మాత్రం ఇంకో నెల ఆగాల్సిందనే అంటున్నాడు.