సమస్య: ముడిని విప్పినపుడె ముడి కుదురును
(పాల్గొన్నవారిని వారి బెంగళూరు పేటల పేర్లతో సూచించాం.)

పృచ్ఛకులు (బసవనగుడి): ఇది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. విషయం ఫ్రెండ్‌షిప్ బ్యాండ్ అల్లిక, అందులోనూ అంచులు. ఆగస్టు మొదటి ఆదివారం, ఫ్రెండ్‌షిప్ డే, దగ్గరపడుతోంది కదా! పెళ్ళిముడి, వేదాంతం వద్దండీ. కొలతలు అందరికీ ఒకటే: ఆరుపోగుల కాటన్ ఎంబ్రాయిడరీ దారం, 90 సెంటీమీటర్ల ముక్కలు 8, ఏటవాలు చారలు. అంటే ఒక దారం మిగతా ఏడు నిలువు దారాలనూ చుడుతూ పోతుంది: వరుసకు 7 ముడులు, ముడికి 2 చుట్లు.

మల్లేశ్వరం:
రెండు చుట్లు లేక రేగును ముడి యంచు
తొట్రుపడక సూదితోడ మెల్ల
చివరి చుట్టునుండి చిక్కువిడగ దీసి
ముడిని విప్పినపుడె ముడి కుదురును

పృచ్ఛకులు: గణాలు, యతులు కుదిరాయి. చివరి చుట్టునుంచి విప్పాలన్నది సరైన మాట. మొదటి చుట్టును బిగించి ఉంచేది రెండోదే కాబట్టి ముందు దాన్నే వదులు చేయాలి. రెండో పాదంలో మాత్రం రెండు లోపాలున్నాయి. "మెల్ల" అని ఆగిపోయింది, "మెల్లగా" అని ఉండాలి. ఇక సూది. కుట్టుసూది మొన పోగుల మధ్య దిగి దారాన్ని చీలుస్తుంది, ఆ చోట నూగు లేస్తుంది. "మొనయె లేని సూది మొదట దూర్చి" అంటే పద్యమూ నిలుస్తుంది, దారమూ నిలుస్తుంది.

జయనగరం:
పట్టు తప్పెనేని పైరంగు మాఱును
నిలువు దారమెపుడు నిక్కబట్టి
వరుస దాటకుండ వంకరఁ గనినంత
ముడిని విప్పినపుడె ముడి కుదురును

మల్లేశ్వరం: మొదటి పాదం చాలా నచ్చిందండీ. కొత్తవాళ్ళ తప్పు సరిగ్గా అక్కడే. చుట్టే దారాన్ని బిగపట్టి, నిలువు దారాన్ని వదులుగా వదిలేస్తారు. అప్పుడు ముడి తిరగబడి లోపలి రంగు పైకొస్తుంది. "బట్టి" అన్న అసమాపక క్రియ "విప్పినపుడె"కు దూరమైపోయింది, అన్వయం కొంచెం వెతుక్కోవాలి. "వరుస దాటకుండ" మాత్రం ముఖ్యమైన హెచ్చరిక. మూడు వరుసలు పోయాక పట్టుకుంటే 21 ముడులు విప్పాలి.

మారతహళ్ళి:
అంచు ముడిని మిగుల నదిమి లాగినయెడ
నడుమ పొంగి పట్టి ముడుచుకొనును
నువ్వుగింజ యెడము నూలున విడువగ
ముడిని విప్పినపుడె ముడి కుదురును

పృచ్ఛకులు: రెండో పాదంలో యతి తప్పింది, "న"కు "ము" చెల్లదు. "ముడత పడుచు నడుమ మొత్తముబ్బు" అని మార్చి చూడండి.

జయనగరం: భావంలోనూ ఒక సవరణ. నువ్వుగింజంత ఎడం వదిలితే అంచులో ఉచ్చులు కనబడతాయి, దారం మందంలో సగం చాలు. పైగా ఆ ఎడం అవసరమయ్యేది డైమండ్ లాంటి అల్లికల్లో. అక్కడ అంచు దారం ఒక వరుస ఊరికే ఉండి తర్వాతి వరుసలో ముడిపడుతుంది. ఏటవాలు చారల్లో ప్రతి వరుసా అంచుదాకా వెళ్తుంది, కాబట్టి చూడాల్సింది లాగే దిక్కు. కుడి చివరి ముడిని బయటివైపు గుంజితే అంచు పళ్ళుపళ్ళుగా వస్తుంది. పైకి, వరుస వాలు వెంట లాగి ముందటి ముడికి ఆనించాలి.

యలహంక:
మొదట గట్టి ముడిని ముద్దగా వేయగ
నోర దారమెల్ల నొదుగు నడుమ
క్లిప్పు కింద పఱచి కేలితో సరిచేసి
ముడిని విప్పినపుడె ముడి కుదురును

పృచ్ఛకులు: శభాష్! మిగతా పూరణల్లో విప్పిందీ కుదిరిందీ ఒకే ముడి. ఇక్కడ విప్పేది ఆరంభంలో వేసిన గుత్తిముడి, కుదిరేది అంచుముడి. సమస్యలోని విరోధం దీనితో పూర్తిగా తీరింది. విషయమూ నిజమే. 8 దారాలు ఒక గుత్తిలోంచి బయల్దేరితే మొదటి వరుసలు ఇరుకై, పోనుపోను పట్టి (బ్యాండ్) వెడల్పవుతుంది. పరీక్ష ప్యాడ్ క్లిప్పు కింద దారాలను పక్కపక్కన పరిస్తే తొలి వరుసనుంచే వెడల్పు ఒక్కటిగా ఉంటుంది.

మారతహళ్ళి: సవరణలకు కృతజ్ఞతలు. చిక్కపేటలో దొరికే చీరకుచ్చుల సిల్కు దారంతో అల్లవచ్చా? మెరుపు బాగుంటుందని అడుగుతున్నాను.

యలహంక: అంచు నీటుగా రావాలంటే వద్దండీ. ఆ నునుపుకు చుట్టు జారిపోతుంది, ఎంత బిగించినా ఓర ముడి వదులవుతుంది. నేర్చుకునేటప్పుడు కాటనే మంచిది. అల్లడం అయ్యాక పట్టి చుట్టుకుపోతుంటే తడిపి, అట్టమీద రెండంచులా గుండుసూదులు గుచ్చి పూర్తిగా ఆరనివ్వండి. ఎరుపు, నీలం ఉంటే తడి తెల్లగుడ్డతో ముందు అద్ది చూడండి, రంగు దిగుతుందేమో. చుట్టు మరిచిన ముడి మాత్రం ఎంత తడిపినా సర్దుకోదు, అది విప్పాల్సిందే.