అప్‌డేట్: బూజు పట్టిన ‘ఫ్లాప్ షో’ వీహెచ్‌ఎస్ క్యాసెట్ మళ్లీ ఆడింది

1989లో దూరదర్శన్‌లో కేవలం 10 ఎపిసోడ్లతో ముగిసిన జస్పాల్ భట్టి గారి హాస్య ధారావాహిక ‘ఫ్లాప్ షో’ను మా నాన్నగారు రికార్డు చేసిన క్యాసెట్‌లో బొమ్మ సరిగా రావడం లేదని, తెల్లని గీతలు కమ్ముకుంటున్నాయని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

హన్మకొండలో పాత వీసీఆర్‌లు బాగుచేసే పెద్దాయన క్యాసెట్‌ను వెలుతురుకు పట్టి, దానిపై ఉన్న పారదర్శకమైన కిటికీ లోంచి టేపు చుట్ట అంచున తెల్లగా పొడిలా పేరుకున్న బూజును చూపించారు. అది ప్లేయర్ హెడ్‌కు (టేపు మీది బొమ్మను చదివే భాగానికి) అంటుకోవడమే గీతలకు కారణం. బూజున్న టేపును శుభ్రం చేయకుండా ఆడించవద్దన్న సలహాయే సరైనది. ఆయన క్యాసెట్ అడుగున ఉన్న ఐదు స్క్రూలు విప్పి, టేపును పొడిగా తుడిచి, చుట్టలను వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చి, హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేశారు. తరువాత యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో కంప్యూటర్‌లోకి ఎక్కించాము.

మిగతా సలహాల్లో, ట్రాకింగ్ (హెడ్ టేపు మీది రికార్డింగుతో సరిగ్గా కలిసేలా చేసే సర్దుబాటు) సరిచేయడం ఈ టేపుకు ఉపయోగపడలేదు. టేపును వేడి చేయడం జిగురు తేలిన టేపులకే తప్ప బూజుకు మందు కాదు.

టైటిళ్లలో దర్శకత్వానికి బదులు ‘మిస్‌డైరెక్టెడ్’ అని పడటం, సినిమా పాటలకు కట్టిన పేరడీలు, మధ్యలో ‘హమారా బజాజ్’, నిర్మా ప్రకటనలు అన్నీ దక్కాయి. ప్రకటనలను కత్తిరించకుండానే దాచుకుంటున్నాను. ఆ కాలం వాటిలోనే ఎక్కువగా కనిపిస్తుంది.