కొత్తపట్నంలో బనానా రైడ్: మేం రాసుకున్న రూల్స్ సరిపోతాయా?

మాది ఒంగోలు. మా బాబాయి కొడుకు కొత్తపట్నం బీచ్‌లో బనానా రైడ్ పెడతానంటున్నాడు. అంటే గాలి నింపిన పొడవాటి ట్యూబు మీద జనాన్ని కూర్చోబెట్టి, దాన్ని మోటారు బోటుకి తాడుతో కట్టి లాగడం. వేటకెళ్ళే కుర్రాడే, సముద్రం తెలుసు. కానీ చేపల వల లాగడం వేరు, మనుషులున్న ట్యూబుని లాగడం వేరు కదా! 2017 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణా నదిలో, పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడి చనిపోయినవాళ్ళలో ఎక్కువ మంది మా ఊరివాళ్ళే. అందుకే ఇంట్లో అందరికీ టెన్షన్.

ముందు మనమే రూల్స్ రాసి బోర్డు పెడదామన్నాను. లైఫ్ జాకెట్ బకిల్స్ పెట్టందే ఎక్కనివ్వకూడదు. నడిపేవాడు ముందుకే చూడాలి కాబట్టి, వెనక్కి చూస్తూ ఉండటానికి బోటులో ఇంకొకరు ఉండాలి. ఎవరైనా పడితే దగ్గరికి వెళ్ళి ఇంజన్ పూర్తిగా ఆపాకే పైకి లాగాలి. న్యూట్రల్‌లో ఉంటే చాలదా అంటాడు మావాడు. నీళ్ళలో ఉండే ఇంజన్ ఫ్యాను తిరిగితే కాలు పోతుందిరా అన్నాను. తాడు చేతికి చుట్టుకోకూడదు, తాగి వచ్చినవాళ్ళని ఎక్కించకూడదు.

ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ రెండో మనిషి కూలి దండగ అంటున్నాడు, వాడిని ఎలా ఒప్పించాలి? పిల్లల జాకెట్ పైకి జారిపోకుండా కాళ్ళ మధ్య పట్టీ ఉన్నవి ఒంగోలు, నెల్లూరుల్లో ఎక్కడ దొరుకుతాయి? మలుపు తిప్పేటప్పుడు స్పీడు ఎంతకు తగ్గిస్తారు? పర్మిషన్‌కి ముందు ఏ ఆఫీసుకి వెళ్ళాలి?

కావాలని బోల్తా కొట్టిస్తేనే జనానికి మజా అంటున్నాడు. నాకైతే అది అస్సలు నచ్చలేదు.