కార్బన్ డయాక్సైడ్ బాగా వస్తోంది, నైట్రేట్ మాత్రం తగ్గుతోంది

ప్రశ్న:
ఆరబెట్టి 2 మి.మీ. జల్లెడ పట్టిన మట్టి 50 గ్రా., నీటిని పట్టి ఉంచే శక్తిలో 60 శాతం తేమ, 25 డిగ్రీలు. లీటరు గాజుసీసాలో, మట్టి విడిచే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకోవడానికి 20 మి.లీ. 0.5 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ పెట్టాను. మూడో రోజు టైట్రేషన్‌లో (మిగిలిన సోడియం హైడ్రాక్సైడ్‌ని యాసిడ్‌తో కొలవడం) బ్లాంక్‌కి (మట్టి లేని సీసాకి) 19.2 మి.లీ. యాసిడ్ (0.5 నార్మల్) పడితే, మట్టి సీసాకి 15.2 పడింది. తర్వాత కార్బన్ డయాక్సైడ్ సగానికి పడిపోయింది. 28 రోజులకి నైట్రేట్ మొదటికన్నా తక్కువ! నైట్రిఫికేషన్ (అమ్మోనియం నైట్రేట్‌గా మారడం) జరగనట్టేనా?

జవాబు 1:
(19.2 − 15.2) × 0.5 × 6 = 12 మి.గ్రా. కార్బన్, అంటే గ్రాము మట్టికి 240 మైక్రోగ్రాములు. ఇందులో చాలావరకు పొడిమట్టి తడవగానే వచ్చే పొంగే అయ్యుంటుంది (బర్చ్ ఎఫెక్ట్). ఎండినప్పుడు చచ్చిన సూక్ష్మజీవుల కార్బన్‌ని మిగిలినవి తినేస్తాయి. తడిపి, వదులుగా మూసి 7–10 రోజులు ఉంచాకే ట్రాప్ (సోడియం హైడ్రాక్సైడ్) పెట్టండి.

టైట్రేషన్‌కి ముందు, కార్బనేట్‌ని అవక్షేపంగా దించేయడానికి 1 మోలార్ బేరియం క్లోరైడ్ 10 మి.లీ. వేశారా? వేయకపోతే ఫినాల్ఫ్తలీన్ (రంగు సూచిక) రంగు పోయేలోపే కార్బనేట్ కూడా కొంత యాసిడ్ తినేస్తుంది, కార్బన్ సగమే లెక్కకొస్తుంది. చివర్లో చుక్కచుక్కగా పోయాలి, తొందరపడితే తెల్లటి అవక్షేపం కరుగుతుంది. బ్లాంక్‌లు కనీసం మూడు.

జవాబు 2:
నైట్రేట్ విషయంలో ఆ తీర్మానం చెల్లదండీ. మీరు కొలిచింది నికర మార్పు: తయారైనదాంట్లోంచి సూక్ష్మజీవులు తిన్నది, డీనైట్రిఫికేషన్‌లో (నైట్రేట్ వాయువుగా మారడం) పోయింది తీసేస్తే మిగిలేది. గడ్డిముక్కలున్న మట్టిలో తగ్గడం మామూలే. పైగా ఆరబెడితే నైట్రిఫయర్లు బాగా దెబ్బతింటాయి.

నైట్రిఫికేషన్ సామర్థ్యం కావాలంటే స్లర్రీ (మట్టిని ద్రవంలో కలిపిన పలుచని బురద) చేయండి. ఆరబెట్టని తాజా మట్టి 15 గ్రా., 1.5 మిల్లీమోలార్ అమ్మోనియం ఉన్న ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ 7.2) 100 మి.లీ., 250 మి.లీ. ఫ్లాస్క్, మూతికి చిల్లులున్న ఫాయిల్, 180 ఆర్‌పీఎం. 2, 4, 22, 24 గంటలకి 10 మి.లీ. చొప్పున తీసి, వడకట్టి, నైట్రైట్, నైట్రేట్ రెండూ కలిపి కొలవండి. కాలంతో పెరిగే గ్రాఫ్ వాలే మీ రేటు. తీసేటప్పుడు మట్టి అడుగున చేరితే నిష్పత్తి మారి వాలు తప్పుతుంది. ఫ్లాస్క్ తిప్పుతూనే తీయాలి. ఫిల్టర్ పేపర్‌లోనూ కొంత నత్రజని ఉంటుంది, పేపర్ బ్లాంక్ తప్పదు. అయితే ఇది గరిష్ఠ సామర్థ్యం, పొలంలో జరిగే వేగం కాదు.

ప్రశ్న వేసినవారు:
బేరియం వేశాను. ఈ మట్టి పీహెచ్ 8.2, యాసిడ్ చుక్క వేస్తే బుస్సుమంటుంది.

జవాబు 1:
అయితే మట్టిలో సున్నం ఉంది, దాన్నుంచీ కొంత కార్బన్ డయాక్సైడ్ రావచ్చు. అదే మట్టిని ఆటోక్లేవ్ చేసి (ఆవిరి పీడనంతో సూక్ష్మజీవుల్ని చంపి), అదే తేమతో మరో సీసా పెట్టండి. అందులో వచ్చినంత తీసేశాకే శ్వాసక్రియ అనండి.